మాణిక్యాంబ ఎదురు రాలేదు

సంచిలో మొదట మందుల డబ్బా పెట్టింది మాణిక్యాంబ. మళ్ళీ తీసి, చేతికి అందేలా అన్నిటికన్నా పైన పెడదామని పక్కన ఉంచింది. రెండు పంచెలు, మూడు చొక్కాలు, తువ్వాళ్ళు, మంకీ క్యాపు. సముద్రపు గాలి తమ్ముడికి పడదు. జంతికల పొట్లం దోపబోతే అడుగున గాజు చప్పుడైంది.

"ఒరేయ్ ప్రకాశం, ఈ ఖాళీ సీసాలేంట్రా? ఏడున్నాయి."

"ఇసక తెద్దామని. సంగమానికొక సీసా."

"అందరూ తీర్థం తెచ్చుకుంటారు. నువ్వు ఇసక తెస్తావా?"

"తీర్థం నువ్వు రెండు రోజుల్లో తాగేస్తావు. ఇసకైతే ఉంటుంది."

సూర్యప్రకాశం అమలాపురం చుట్టుపక్కల హైస్కూళ్ళలో ముప్పై మూడేళ్ళు సోషల్ మాస్టారు. జంధ్యం ఉంది గానీ సంధ్య లేదు. భార్య పోయాక, విధవరాలైన అక్కను తెచ్చి తన దగ్గరే ఉంచుకున్నాడు. అలాంటివాడు అరవై తొమ్మిదో ఏట సప్తసాగర యాత్రకి బయలుదేరాడు. గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే ఏడు చోట్లా మునగాలి. మొదటి స్నానం చొల్లంగి అమావాస్యకి, చివరిది భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో.

ఇందులో తప్పు మాణిక్యాంబదే. ఐదో తరగతితో ఆగిన చదువు ఆమెది; మొగుడు విశ్వనాథ్ పోయాక లైబ్రరీ పుస్తకాలు కూడబలుక్కుంటూ పురాణాలన్నీ చదివేసింది. తమ్ముడి కళ్ళకు శుక్లాలు వచ్చినప్పటి నుంచి రోజూ సాయంత్రం వాడికి చదివి వినిపించేది. గౌతముడు దర్భ విసిరితే ఆవు చచ్చిపోవడం, ఆ పాపం కడుక్కోవడానికి ఆయన గోదావరిని రప్పించడం, ఏడుగురు ఋషులు ఏడు పాయలుగా తీసుకుపోవడం చదివిన రోజున వాడు లేచి కూర్చున్నాడు.

"ఏడెందుకన్నారే? ఇవాళ చూస్తే పెద్దవి రెండో మూడో ఉన్నాయి. కౌశిక మురుగు కాలువైపోయింది. ఉత్త కట్టుకథైతే లేని పాయలకి పేర్లెందుకు పెడతారు? ఒకప్పుడు పారే ఉంటాయి. కాగితం లేనివాళ్ళు కథలో దాచుకున్నారు."

"మరి ఋషులో?"

"వాళ్ళ సంగతి నాకు తెలీదు. ఇసక చెప్పదు."

బయలుదేరే ముందు రోజు భోజనాల దగ్గర వాడు అసలు మాట ఎత్తాడు. "అక్కా, రేపు నువ్వు ఎదురు రావాలి."

మాణిక్యాంబ చేతిలో గరిటె ఆగిపోయింది. విశ్వనాథ్ పోయిన నెలలోనే మేనత్త ఆమెను పక్కకి పిలిచి, ఎవరైనా బయలుదేరుతుంటే లోపలికి వెళ్ళమ్మా, నీ మంచికే చెబుతున్నా అంది. ఆ మాట పట్టుకుని ముప్పై తొమ్మిదేళ్ళు గడిచాయి. చెల్లెలు అత్తారింటికి వెళ్ళినప్పుడు వంటింట్లో ఉంది. నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు సామాన్ల గదిలో ఉంది. ఎవరు వెళ్ళినా ఆమెకు తెలిసింది చెప్పుల చప్పుడూ, గేటు గడియ చప్పుడూ. ఆ ఇద్దరూ మళ్ళీ ఇంటికి రాలేదు.

"దుర్గాశ్రీని రమ్మంటానురా. పక్కింటి పిల్ల, ముత్తయిదువ, నిండు బిందెతో వస్తుంది."

"ఆ అమ్మాయికి పొద్దున్నే పిల్లల బస్సు హడావిడి. నువ్వు రా చాలు."

"కథలో నిజం ఉందంటావు, శకునంలో లేదంటావు. రెండూ చెప్పింది ఆ పెద్దవాళ్ళే కదరా?"

"కథకి ఇసక సాక్ష్యం ఉంటుంది. శకునానికి సాక్ష్యం ఏదీ?"

"దాని సాక్ష్యం చూడాలంటే ఎవరో ఒకరు పోవాలి. నాకొద్దు ఆ సాక్ష్యం."

వాడు నవ్వలేదు. "నాకు తెలిసి మన ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళెవరూ నీ మొహం చూసి వెళ్ళలేదు. నేను చూసి వెళ్తానే."

సరేనంది మాణిక్యాంబ. గిన్నెలు కడిగి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గోడ పక్కకి వెళ్ళి దుర్గాశ్రీకీ చెప్పి వచ్చింది.

తెల్లవారి ఆటో వచ్చింది. మాణిక్యాంబ తలారా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గుమ్మం కర్టెన్ దాకా వెళ్ళింది. చెయ్యి కర్టెన్ మీద పడింది. కాలు మాత్రం కదల్లేదు. వెనక్కి తిరిగి, వంటింట్లోంచి దొడ్లోకి వెళ్ళి కుళాయి పక్కన నిలబడింది.

"అక్కా, రా. ఆటో అతను తొందరపడుతున్నాడు."



"మామ్మగారు నన్ను రమ్మన్నారండి మాస్టారూ," దుర్గాశ్రీ గొంతు వినిపించింది. "నీళ్ళతో వచ్చానండి."

ఆటో హారన్ రెండుసార్లు మోగింది. తర్వాత, "సరేనమ్మా, రా," అన్నాడు వాడు. చెప్పులు, గేటు గడియ, ఆటో. ఒక్కసారి పిలుద్దామనుకుంది. వెళ్ళేవాణ్ణి వెనక నుంచి పిలవడమూ మంచిది కాదు.

నాలుగు రోజులు వాడు ఫోన్ చెయ్యలేదు. ఆమెకు అన్నం సయించలేదు. ఐదో రోజున చేశాడు. కోపం మాట ఎత్తకుండా కోరంగి దోమల గురించి చెప్పాడు. ఆ తర్వాత రోజూ చేసేవాడు. ఆదివారం సాయంత్రం అంతర్వేది సత్రం నుంచి చేసినప్పుడు గొంతులో చిన్నపిల్లవాడి ఉత్సాహం ఉంది.

"కౌశిక దగ్గర చిట్టియ్య అని ఒక చేపలు పట్టే ముసలాయన దొరికాడే. కొబ్బరితోటలో రెండు బారలు తవ్వించాడు. ఏటి ఇసకే. మంచినీళ్ళ గుల్లలున్నాయి అందులో. ఏరు పారిందక్కా. నువ్వు చదివింది అబద్ధం కాదు."

"నేను చదివాను గానీ నాకేం తెలుసురా." ఆమె ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "ఆ రోజు రాలేకపోయాను."

"చూశావా, దుర్గాశ్రీ బిందె బాగా పనిచేసింది, చక్కగా ఉన్నాను అంటావు ఇప్పుడు."

"అనుకున్నాను."

"అనుకో. నాతో వాదించేదానివి నువ్వొక్కదానివే మిగిలావు."

"వచ్చేటప్పుడు గేటు దగ్గరే ఉంటాను. చూడు."

"వచ్చేవాడికి ఎదురు రావడానికి ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదులే," అని ఈసారి నవ్వాడు.

మర్నాడు ఫోన్ చేసింది వాడి కూతురు మధులత, రాజమండ్రి నుంచి. నిద్రలోనే పోయాడట నాన్న. సత్రంవాళ్ళు లేపితే లేవలేదట. దహనం అక్కడే చేయిస్తారట. ఈ వయసులో అంత ప్రయాణం నువ్వు తట్టుకోలేవత్తా, రావద్దు, అంది మధులత. మాణిక్యాంబ సరేనంది.

తర్వాత పరామర్శకి వచ్చిన దుర్గాశ్రీ గుమ్మంలోనే ఏడ్చింది. "నేను ఎదురొచ్చాను కదండీ మామ్మగారూ. నా వల్లేనేమో అనిపిస్తోందండి."

"ఛ, అదేం మాటే. నీ వల్ల ఏమవుతుంది? అవన్నీ ఉత్త మాటలు," అంది మాణిక్యాంబ.

అన్నాక ఆ మాట ఆమె చెవిన పడింది. నిండు బిందె వచ్చింది. ఎవరూ తుమ్మలేదు, ఎవరూ వెనక నుంచి పిలవలేదు. ఆమె నీడ కూడా వాడి మీద పడలేదు. అన్నీ సక్రమంగా జరిగాయి. ఆ రోజు గుమ్మంలో నిలబడి ఉంటే, బతికినన్నాళ్ళూ తన వల్లే అనుకుని కుమిలేది. ఇప్పుడు అలా అనుకోవడానికి లేదు. వాడి మొహం చివరిసారి చూసింది అన్నం దగ్గర. అప్పుడు కూడా పూర్తిగా చూడలేదు, గరిటె వైపు చూస్తోంది. ఇంక చెల్లెలి మొహమూ నాన్న మొహమూ గుర్తు తెచ్చుకుందామని చూసింది. చప్పుళ్ళే వచ్చాయి.

దుర్గాశ్రీ కళ్ళు తుడుచుకుని లేచింది. మాణిక్యాంబ ఆమె వెంట గేటు దాకా నడిచి, ఆమె తన ఇంట్లోకి వెళ్ళేవరకూ నిలబడి చూసింది.

చొల్లంగి అమావాస్యకి బయలుదేరిన సూర్యప్రకాశం తిరిగి రాలేదు. ఆయన పోయింది 2024 ఫిబ్రవరి పంతొమ్మిది, సోమవారం తెల్లవారుజామున, భీష్మ ఏకాదశికి ఇంకా ఒక్క రోజు ఉందనగా.