పన్నెండో కుర్చీ

మా సంఘంలో నన్ను వెనకాల కొలబద్ద అంటారు. చెప్పులు కుట్టేవాణ్ణి కాబట్టి అంటారనుకునేరు, అందుకు కాదు. నేను మనుషుల్ని కూడా కొలుస్తానట, ఎవరు ప్రభువుకి ఎన్ని అంగుళాలు తక్కువో ముఖం మీదే చెప్పేస్తానట. నిజమే, చెప్తాను. ఇరవై ఏళ్ళుగా సంఘపెద్దని. ఆ మాత్రం చెప్పకపోతే ఆ పెద్దరికం దేనికి?

ప్రభువు సిలువకి వెళ్ళేముందు రాత్రి శిష్యుల కాళ్ళు కడిగాడు కదా, ఆ జ్ఞాపకంగా మేమూ ఏటా ఆ గురువారం సాయంత్రం మందిరంలో పన్నెండు కుర్చీలు వేస్తాం. పాస్టరు అయ్యగారు నడుముకి తువ్వాలు చుట్టుకుని, ఇత్తడి బేసిను ముందు పెట్టుకుని, పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ కాళ్ళ విషయంలో నన్ను మోసం చెయ్యగలరా? బుధవారమే ఆ పన్నెండుమందీ కొత్త చెప్పులకని నా కొట్టుకి వస్తారు. కమిటీ అధ్యక్షుడు గోళ్ళు తీయించుకుని ఉంటాడు. బ్యాంకు మేనేజరు మడమలకి క్రీము రాసుకుని ఉంటాడు. గురువారం అందరూ ఇంట్లో రెండుసార్లు సబ్బుతో తోముకుని, మేజోళ్ళు తొడుక్కుని మరీ వస్తారు. ఆరాధన అయ్యాక బేసినులో నీళ్ళు పారబోసేది నేనే. ఆ నీళ్ళు తాగొచ్చు, అంత శుభ్రంగా ఉంటాయి.

ఈసారి కమిటీలో పేర్లు చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఆ పన్నెండుమందే.

"ఇది ఆయన చేసిన పనా, మనం ఆడుతున్న నాటకమా?" అన్నాను. "మట్టి అంటిన కాలు ఒక్కటైనా ఉందా ఇందులో? ఆయన చేసినట్టు చేస్తే చెయ్యండి, లేకపోతే ఆ బేసిను అమ్మేయండి."

అధ్యక్షుడు ముఖం మాడ్చుకున్నాడు. కొత్తగా వచ్చిన అయ్యగారు మాత్రం అంతా విన్నారు. నా వయసులో సగం ఉంటుందేమో ఆయనకి. "అయితే ఈసారి లిస్టు మీరే రాయండి అన్నగారూ," అన్నారు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "దొరికిపోయావు," అంది.

చెప్పులకి కొలత గీసే అట్ట మీదే పెన్సిలుతో రాశాను. మురుగుకాలువలు శుభ్రం చేసే ఆయన. ఆస్పత్రిలో రోగుల దుప్పట్లు మార్చే ఆయమ్మ. రోజంతా నిలబడే ఉండే బస్సు కండక్టరు. అనకూడని చోటల్లా ఆమేన్ అనే తిక్కమనిషి. అలా పదకొండుమంది. మంచి లిస్టు. శనివారం సాయంత్రం అయ్యగారి వరండాలో కూర్చుని, కాస్త గర్వంగానే ఇచ్చాను.

ఆయన వేలితో లెక్కపెట్టారు. "పదకొండే ఉన్నారు."

"పన్నెండో మనిషి ఇంకా తోచలేదండీ."

"ఆ రాత్రి ఆయన ముందు కూర్చున్నవాళ్ళలో ఆయన్ని పట్టించిన యూదా కూడా ఉన్నాడు కదా. వాడి కాళ్ళూ కడిగాడు." అట్ట నా చేతికి తిరిగిచ్చారు. "ఆయన చేసినట్టే చెయ్యాలన్నది మీరే. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెడదాం?"

నాకు వెంటనే ఒక ముఖం కళ్ళముందుకి వచ్చింది. చూద్దాం లెండి అని చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆ ముఖం నా చెల్లెలిది.

ఆరేళ్ళయింది మేం మాట్లాడుకుని. దానికి చిన్నప్పట్నుంచీ చెప్పులు నేనే కుట్టాను. దాని కుడిపాదం ఎడమదానికంటే అరంగుళం పొడుగు, బజారు చెప్పులు ఏవీ సరిపడవు. అందుకని దాని పాదాలకి వేరే చెక్క అచ్చులు చెక్కించి పెట్టుకున్నాను. కొలతకి పిలిస్తే ఎప్పుడూ ముందు కుడికాలే చాపేది. పెళ్ళి కాకుండా ఉండిపోయింది, ఆస్పత్రి బట్టలుతికే విభాగంలో పని. భార్య వదిలేసి వెళ్ళిపోయిన ఒక మనిషితో, అతని విడాకులు ఇంకా కోర్టులో ఉండగానే, ఒకే ఇంట్లో ఉండటం మొదలుపెట్టింది. మా అమ్మ పేరు మట్టిలో కలిపింది. సంఘానికి మచ్చ తెచ్చింది. ప్రభువుని పట్టించడమంటే అదికాక ఇంకేమిటి? ఆరేళ్ళుగా నేను అలాగే అనుకుంటూ వచ్చాను, కాబట్టి పన్నెండో కుర్చీ దానిదే అవ్వాలి.

మరి అంత తేలిగ్గా తేలిన లెక్క అయితే నిద్ర ఎందుకు పట్టలేదో నాకు తెలియలేదు. ఆదివారం ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. సోమవారం తోలుకి బెజ్జాలు వేసే ఆరతో బొటనవేలు పొడుచుకున్నాను. మంగళవారం ఒక జతకి రెండు అడుగులూ ఎడమకాలివే కోశాను. నలభై ఏళ్ళ పనిలో అలాంటి తప్పు ఎన్నడూ చెయ్యలేదు. కొట్టులోంచి వీధిలోకి, వీధిలోంచి కొట్టులోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మా ఆవిడ మధ్యాహ్నం అన్నం తెచ్చి అక్కడే నిలబడి చూసింది.

"వెళ్ళి పిలవరాదూ," అంది.

"ఎవర్ని?"

"పై అరలో ఆ అచ్చులకి ఎవరు దుమ్ము దులుపుతున్నారో వాళ్ళకి తెలుసు, ఎవర్నో." క్యారేజీ పెట్టేసి వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నం వెళ్ళాను. దారి పొడుగునా ఏమనాలో వల్లె వేసుకున్నాను. పాతవన్నీ మర్చిపోయాను, నిన్ను క్షమించాను, రేపు వచ్చి కూర్చో, చాలు. పెద్దవాడిగా, గంభీరంగా, రెండు నిమిషాల్లో ముగించాలనుకున్నాను.

రెండో అంతస్తు, రెండు గదులు. అతనే తలుపు తీశాడు. కోర్టు తీర్పు వచ్చి వాళ్ళు పెళ్ళి రిజిస్టరు చేయించుకుని అయిదేళ్ళయిందని నాకు అప్పటికే తెలుసు, తెలియనట్టు నటించేవాణ్ణి. అతను నన్ను కూర్చోమని, మరేమీ అడక్కుండా లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. చెల్లెలు వచ్చి ఎదురుగా నిలబడింది. జుట్టు నెరిసింది.

నేను వల్లె వేసింది చెప్పాను. చివరిదాకా వింది.

"ఆ పదకొండుమంది ఎవరు?" అంది.

అట్ట చూపించాను. ఆయమ్మ పేరు చూసి, "మంచి మనిషి, మా ఆస్పత్రే," అంది. తరువాత పన్నెండో అంకె పక్కన ఖాళీ మీద వేలు పెట్టింది. "ఇది ఎవరి కుర్చీ?"

నాకు అబద్ధం చేతకాదు, అదే నా గొప్ప అనుకునేవాణ్ణి. "ఆయన్ని పట్టించినవాడి కుర్చీ," అన్నాను.

అది గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది, నేనూ అరిచేవాణ్ణి.

"ఆ రోజు ఇక్కడే, ఇదే కుర్చీలో కూర్చున్నావు అన్నయ్యా. తీర్పు వచ్చేదాకా ఎవరికీ చెప్పకు, నాకు భయంగా ఉంది అన్నాను. నీకొక్కడికే చెప్పాను. టీ తాగావు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశావు. భయపడకు, నేనున్నాను అన్నావు. ఇక్కణ్ణించి దిగి నేరుగా పాత అయ్యగారింటికి వెళ్ళావు." అట్ట నా ఒళ్ళో పెట్టింది. "ఆదివారం మూడో బెంచీలో కూర్చుని ఉంటే నా పేరు చదివి, రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభు బల్ల దగ్గరికి రాకూడదన్నారు. నేను గొడుగు తీసుకుని లేచొచ్చేశాను. నువ్వు తల కూడా తిప్పలేదు. ఇప్పుడు చెప్పు, ఎవరు ఎవరిని పట్టించారు?"

"సంఘం పవిత్రంగా ఉండాలని చేశాను," అన్నాను.

"ఉందా?" అంది.

నేను లేచి వచ్చేశాను. మెట్లు దిగుతూ ఎంత పొగరు అనుకున్నాను, వీధి మలుపు దాకా అనుకుంటూనే ఉన్నాను. మలుపు దాటాక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. టీలో చక్కెర ఎక్కువైందని ఆ రోజు దాన్ని ఆటపట్టించాను, అది నవ్వింది. ఆ నవ్వు చూసి, ఆ కప్పు కడిగేలోపే, నేను అయ్యగారింటి గంట నొక్కాను. ఇది ఆరేళ్ళలో ఒక్కసారీ నాకు గుర్తురాలేదు. సిగ్గుతో నడిరోడ్డు మీద ఒళ్ళంతా చెమట పట్టింది.

గురువారం పొద్దంతా ఏదో ఒకటి కుడుతూనే ఉన్నాను. చేతులు ఖాళీగా ఉంటే భరించలేకపోయాను. మందిరం గంట కొట్టాక కొట్టు మూసి, జిగురూ నల్లరంగూ అంటిన కాళ్ళతోనే పరిగెత్తాను. పన్నెండు కుర్చీల్లో పదకొండు నిండాయి. నేను నీళ్ళచెంబు పట్టుకుని అయ్యగారి వెనక నిలబడ్డాను.

మొదటి కుర్చీలో మురుగుకాలువలాయన. చెప్పు విడిస్తే చూద్దును కదా, మడమలు రాయితో రుద్ది రుద్ది ఎర్రగా కందిపోయి ఉన్నాయి. గోళ్ళ సందుల్లో రక్తం ఊరి ఉంది.

"ఏమయ్యా, నువ్వు కూడానా?" అన్నాను వంగి.

"అయ్యగారి చేతులు కదన్నా," అన్నాడు మెల్లిగా. "వాసనొస్తే ఎలా?"

ఆయమ్మ కాళ్ళు కుర్చీ కిందకి లాక్కుంది, అయ్యగారు రెండుసార్లు అడిగితేగాని ముందుకి పెట్టలేదు. ఆవిడా కడుక్కునే వచ్చింది. పదకొండుమందీ కడుక్కునే వచ్చారు. ఇరవై ఏళ్ళు దాన్ని నేను గర్వమనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చూపించుకోవాలంటే మనిషికి ఎంత భయమో నాకు తట్టలేదు. బ్యాంకు మేనేజరు క్రీము డబ్బా గుర్తొచ్చి అతని మీద కూడా జాలేసింది.

అయ్యగారు పన్నెండో కుర్చీ ముందుకి జరిగారు. ఖాళీగా ఉంది. మోకాళ్ళ మీద ఉండగానే తలెత్తి నావైపు చూశారు.

నేను చెంబు కింద పెట్టి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను.

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు, కొలబద్దకి కాళ్ళు నొప్పి పుట్టాయనుకుని. చెప్పులు విడిచాను. నా కాళ్ళు చూసి ఆ నవ్వు ఇంకాస్త పెరిగింది.

"ఇది పట్టించినవాడి కుర్చీ," అన్నాను. "ఆరేళ్ళ కింద నా చెల్లెలు నన్ను నమ్మి ఒక మాట చెప్పుకుంది. దాని ఇంట్లో టీ తాగి, దాని కోసం ప్రార్థన చేసి, అదే గంటలో దాన్ని మీకు అప్పగించాను. మీరు దాన్ని బయటికి పంపించారు. అప్పుడు నేను చాలా మంచి పని చేశాననుకున్నాను."

నవ్వు ఆగిపోయింది. రెండో బెంచీలో మా ఆవిడ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. తిక్కమనిషి ఆమేన్ అన్నాడు. అయ్యగారు తొందరపడలేదు. జిగురు గోటితో గీకి మరీ కడిగారు. బేసినులో నీళ్ళు నల్లబడ్డాయి. మనసు తేలికపడుతుందని అనుకున్నాను, పడలేదు. ఆ నల్లనీళ్ళు పారబోస్తుంటే అధ్యక్షుడు వచ్చి, పాత తీర్మానాలు ఇప్పుడు తవ్వడం ఎందుకు అన్నాడు. వచ్చే కమిటీలో తవ్వుతాను, గడ్డపార నేనే తెస్తాను అన్నాను.

శుక్రవారం పొద్దున్నే పై అర మీంచి ఆ అచ్చులు దించాను. దుమ్ము లేదు. అవీ, ఒక తెల్లకాగితమూ, పెన్సిలూ సంచీలో వేసుకుని వెళ్ళి చెల్లెలి ఇంటి కింద మెట్ల మీద కూర్చున్నాను. పైకి వెళ్ళే ధైర్యం లేకపోయింది.

రాత్రి డ్యూటీ దిగి అది నడిచొచ్చింది. ప్లాస్టిక్ చెప్పులు. సబ్బునీళ్ళలో నాని తెల్లబడ్డ పాదాల మీద వీధి దుమ్మంతా మెత్తింది. కుడికాలి చిటికెనవేలు పక్కన చెప్పు కొరికి పుండైంది. నన్ను చూసి ఆగింది.

"ఆయమ్మ చెప్పింది," అంది.

"ఏమని?"

"ఏ కుర్చీలో కూర్చున్నావో." కాసేపు సంచీ వైపు చూసింది. "నేను మందిరానికి రాను అన్నయ్యా."

"రమ్మనడానికి రాలేదు," అన్నాను. "తప్పు చేశానమ్మా. చాలా పెద్ద తప్పు చేశాను."

అది వెళ్ళిపోలేదు.

అచ్చులు బయటికి తీశాను. "ఆరేళ్ళయింది. పాదం మారి ఉంటుంది. మళ్ళీ కొలత తీసుకోవాలి."

కాగితం మెట్టు మీద పరిచి, నేను కింద నేలమీద మోకాళ్ళేశాను. అది నన్నూ, కాగితాన్నీ, తన కాళ్ళనీ చూసుకుంది. కాలివేళ్ళు ముడుచుకున్నాయి.

"ఉండు, కడుక్కుని వస్తాను," అంది.

"వద్దమ్మా," అన్నాను. "అలాగే పెట్టు."

చెప్పు విడిచింది. ముందు కుడికాలు పెట్టింది.