పెద్దక్క పెట్టిన మూడు వాతలు

లింగప్పకు పొద్దున నాలుగు మాత్రలు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం మూడు. ఇంతకుముందు ఆ ఇంట్లో మాత్ర అనే మాటే లేదు. జ్వరమొస్తే కషాయం, నొప్పొస్తే వాత, రెండింటికీ తగ్గకపోతే దేవుడు. అట్లాంటి ఇంట్లో ఇప్పుడు గూట్లో దీపం పక్కన మందుల డబ్బా వచ్చి కూచుంది. భార్య పెద్దక్కకు చదువు రాదు కాబట్టి కూతురు ఉమాదేవి అట్టల మీద స్కెచ్ పెన్నుతో బొమ్మలు గీసి పోయింది. సూర్యుడి అట్ట పొద్దున, చంద్రుడిది సాయంత్రం. మధ్యాహ్నానికి ఏ బొమ్మా తోచక అన్నం కంచం గీసింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఇరవై రెండు రోజులు. లింగప్ప వసారాలో నులక మంచం మీద కూచుని, వీధిలో పోయే గొర్రెల్ని చూస్తుంటాడు. ఆయన గొర్రెలు నలభై, ఇప్పుడు చెన్నప్ప మందలో కలిసి మేతకు పోతున్నాయి. దుమ్ములో కనపడకపోయినా తన గొర్రె దగ్గు తనకు తెలుస్తుందంటాడు. మంద పోతుంటే ఉండబట్టలేక లేస్తాడు, పదడుగులు వేస్తాడు, ఆయాసం వచ్చి గోడ పట్టుకుంటాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. మేత కోసం బళ్ళారి దాకా మందను తోలుకుపోయి వచ్చిన మనిషి. ఆయన వాకిలి దాటడానికి గోడ పట్టుకుంటుంటే చూడడానికి ఎవరికి మనసొప్పుతుంది? పెద్దక్క చూడదు. ఆ సమయానికి ఏదో ఒక పని పెట్టుకుని లోపలికి పోతుంది.

ఆమె చూడలేనిది ఇంకొకటి ఉంది. చొక్కా విప్పితే ఆయన రొమ్ము మీద, ఎడమ పక్కన, మూడు వాతలు. వేలెడేసి పొడవు. చక్కెర జబ్బు కాబట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు. రోజూ వాటికి మందు రాసేది పెద్దక్కే. పెట్టిందీ పెద్దక్కే.

ఆ సంగతి ఉమాదేవికి తెలియదు. గుండె డాక్టరు జయంతమ్మకూ తెలియదు. "ఎవరు పెట్టారు పెద్దాయనా ఈ వాతలు?" అని అనంతపురంలో డాక్టరమ్మ గట్టిగా అడిగితే, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండగానే లింగప్ప, "నేనే పెట్టుకొన్నా మేడమ్. గ్యాసనుకొన్నా" అన్నాడు. పక్కనే పెద్దక్క నిలబడి ఉంది. నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ రోజు రాని మాట మళ్ళీ ఏ రోజూ రాలేదు.

అప్పట్నుంచి ఉమాదేవి తండ్రిని తిట్టని పూట లేదు. ఆమె కొత్తచెరువులో అంగన్‌వాడీ టీచరు, ఊళ్ళో తల్లులందరికీ బుద్ధులు చెప్పే మనిషి. ఫోన్ చేసినప్పుడల్లా, "పులిని చూసి నక్క వాత పెట్టుకొన్నట్ల, అమ్మను చూసి నువ్వు పెట్టుకొంటివా నాయనా? పొద్దున్నే ఆసుపత్రికి పోయింటే ఈ గతి పట్టేది గాదు గదా!" అంటుంది. లింగప్ప "ఊ" అంటాడు. ఇవతల పెద్దక్క సంగటి కంచం పక్కకు జరిపేస్తుంది.

పెద్దక్క వాత అంటే ఆ చుట్టుపక్కల పేరున్న వాత. గొర్రెకు కాలు కుంటుపడినా, మనిషికి పక్కపోటు వచ్చినా, పసిబిడ్డకు కడుపు ఉబ్బినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. అత్త పోతూ పోతూ చేతిలో పెట్టిన జానెడు ఇనుప కమ్మి, దాని కొన వంకర. దుడ్లు ముట్టదు. టెంకాయ, ఆకువక్క, అంతే. విడపనకల్లు నుంచి ఆటో కట్టించుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. నలభై ఏళ్ళు అట్లా గడిచాయి.

ఆ రోజు తెల్లవారుజామున లింగప్ప గొర్రెల దొడ్డి నుంచి రొమ్ము పట్టుకుని వచ్చాడు. "మే, రొమ్ము పట్టేసినాది. కమ్మి కాల్చు" అన్నాడు. పెద్దక్క చేయి పట్టుకుని చూసింది. చల్లటి చెమట. ఎంతమంది గ్యాసు నొప్పులు చూసిందో ఆమె, ఏ గ్యాసుకూ అట్లాంటి చెమట పట్టలేదు. ఇది నా చేతిలో పని కాదని ఆ క్షణమే తెలిసింది. తెలిసీ పొయ్యి రాజేసింది. తెలియక చేసుంటే ఏడ్చి ఊరుకునేది. తెలిసి చేసింది కాబట్టే ఈ నెల రోజులుగా ఏడవడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మూడో వాతకు నొప్పి తగ్గినట్టయింది. ఆయన పడుకున్నాడు. సాయంత్రానికి ఎగశ్వాస మొదలై, మాట తడబడితే ఊళ్ళో తిప్పేష్ ఆటో వచ్చింది, ఆ తర్వాత అంబులెన్సు. అనంతపురం చేరేసరికి పద్నాలుగు గంటలు దాటాయి. గడ్డ కరిగించే సూదికి టైము మించిపోయిందన్నారు. గుండెలో కొంత కండ చచ్చిపోయిందన్నారు.

పోయిన బుధవారం మళ్ళీ చూపించుకోవడానికి పోతే డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని నిదానంగా చెప్పింది.

"మూడు రక్తనాళాలు మూసుకుపోయాయి పెద్దాయనా. రెండు దారులున్నాయి. ఒకటి ఆపరేషన్. కర్నూలులో చేస్తారు, కార్డు ఉంది కాబట్టి ఖర్చుకు బెంగ లేదు. రొమ్ము కోసి, కాల్లోంచి నరం తీసి, గుండెకు కొత్త దారి వేస్తారు. బాగా జరిగితే ఆయాసం తగ్గొచ్చు, ఆయుష్షూ పెరగొచ్చు. కానీ మీ వయసుకు, చక్కెరకు, ఇప్పుడున్న గుండె బలానికి ప్రమాదం తక్కువేం కాదు. కోలుకోవడానికి మూడు నెలలు. రెండోది, కోత లేకుండా మందులు, ఉప్పు తగ్గించిన తిండి, మెల్లగా నడక. అట్లా కొన్నేళ్ళు బతికినవాళ్ళున్నారు. ఏడాది తిరక్కుండా మళ్ళీ నొప్పి వచ్చినవాళ్ళూ ఉన్నారు. రెండింట్లో ఏదీ తప్పు కాదు. మీకేది కావాలి?"

"మా యామె ఎట్ల చెప్తే అట్ల మేడమ్" అన్నాడు లింగప్ప, ఎవరో టైము అడిగితే చెప్పినట్టు, తనకేం సంబంధం లేనట్టు.

అందరూ పెద్దక్క వైపు చూశారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "సోమవారం లోపల చెప్తామమ్మా" అని లేచి వచ్చేసింది.

ఇవాళ శనివారం. ఉమాదేవి పొద్దున బస్సుకే దిగి, చెప్పులు విప్పీ విప్పకముందే తండ్రి బట్టలు బ్యాగులో సర్దడం మొదలుపెట్టింది. ఆమె లెక్కలో ఆలోచించడానికేమీ లేదు. కర్నూలులో సోమవారం మంచం ఇస్తామన్నారు, పోవాలి, అంతే.

అప్పుడే పక్క వీధి సిద్దమ్మ ఎనిమిది నెలల మనవరాలిని భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చింది. బిడ్డ కడుపు ఉబ్బి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"పెద్దక్కా, రెండు దినాలైంది పాలు తాగక. ఒక్క చుక్క వాత పెట్టు తల్లీ."

"పెట్టను సిద్దమ్మా. ఆసుపత్రికి ఎత్తుకొని పో."

"అదేందక్కా అట్లంటావు! నా కొడుక్కి నువ్వు పెట్టబట్టే గదా వాడు బతికిండేది?"

"వాడు బతికేవాడు కాబట్టి బతికినాడు. నేను పెట్టినందుకు గాదు."

లోపలి నుంచి ఉమాదేవి గొంతు వినపడింది. "సిద్దమ్మత్తా, మా నాయన్ను చూసి గూడా బుద్ధి రాలేదా మీకు? తనకు తానే కాల్చుకొని ఇంతకు తెచ్చుకొన్నాడు!"

పెద్దక్క గడప మీద చతికిలబడింది. ఇక మోయలేకపోయింది, అంతే. పెద్ద ధైర్యమేం కాదు.

"మీ నాయన కాల్చుకోలేదు. నేను పెట్టినా" అంది.

ఉమాదేవి చేతిలో పంచెతో బయటికి వచ్చింది. తల్లిని చూసింది, తండ్రిని చూసింది. లింగప్ప, "నేనే పెట్టమంటి లేమ్మా" అని గొణిగాడు.

"నువ్వు ఊరికుండు నాయనా! ఇన్ని దినాలు ఈయన్ను నేను నోటికొచ్చినట్ల తిడతాంటే ఇనుకుంటా కూచుంటివే అమ్మా! ఎట్ల కూచుంటివి?"

ఉమాదేవి ఇంకా ఏదో అనబోయి, బిడ్డ మూలుగు విని ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని బిడ్డ పొట్ట మీద చేయి వేసి చూసింది. పంచె మంచం మీదికి విసిరేసి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "నడువత్తా, ఉరవకొండకు పోదాం. తిప్పేషన్నకు ఫోన్ చేస్తాండా" అని తల్లి వైపు తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

ఎండ వసారాలోకి వచ్చింది. పెద్దక్క లేచి మంచం నీడలోకి జరిపింది.

"ఎందుకు చెప్పితివి మే? నేను మోస్తా ఉంటి గదా" అన్నాడు లింగప్ప.

"వాకిలి దాటను చేతగాదు, అది గూడా మోస్తావా?"

లింగప్ప నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక, "సరే, చెప్పు. పోదామా, వద్దా?" అన్నాడు.

"నన్నడగద్దు. ఒకసారి నా చేత చేయించుకొంటివి, సాలదా?"

"ఆ పొద్దు నాకు తెల్దనుకొన్నావా?" ఆయన గొంతు తగ్గింది. "మాయన్న ఇట్లనే రొమ్ము పట్టుకొని పోయినాడు. నాకు భయమాయ మే. నువ్వు కమ్మి పట్టుకొంటే నీ చేతిలో తగ్గేదే, చిన్న రోగమేలే అనుకొన్నా. అందుకే పెట్టమంటి."

పెద్దక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని రోజులూ ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది. "నాకూ తెలుసు. నీ చెమట చూస్తానే తెలుసు. ఆసుపత్రి అంటే నువ్వు తిరిగి రావేమో అని పొయ్యి రాజేస్తి" అంది.

ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఒకరి భయం ఒకరికి చెప్పుకోకుండా పద్నాలుగు గంటలు పోగొట్టుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు చెప్పుకుంటున్నారు.

ఆమె ముక్కు తుడుచుకుని మంచం పట్టె మీద కూచుంది. "డాక్టరమ్మ అడిగితే నా మీదికి తోస్తివి. ఇప్పుడు నేను అడుగుతాండా. నీకేం కావాల?"

లింగప్ప వీధి వైపు చూశాడు. "నాకొద్దు మే. భయపడి చెప్తాండా అనుకోవద్దు. భయం ఉండాది, లేదన్ను. కానీ అలిసిపోయినా. ఆ గొట్టాలు, ఆ మంచం, ఒంటేలుకు గూడా ఒకర్ని పిల్చేది. ఆ తొమ్మిది దినాలే సాలు నాకు. ఈడనే కూచుంటా, మాత్రలు మింగుతా, మంద పోతాంటే చూస్తా. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అయినా నువ్వు పొమ్మంటే పోతా. నీ మనసు కుదుటపడుతుందంటే పోతా."

అక్కడే దొరికిపోయింది పెద్దక్క. బుధవారం నుంచీ ఆమె మనసులో ఉన్న మాట "పో" అనే. ఆపరేషన్ బాగా జరిగి ఆయన మళ్ళీ మంద వెనక నడిస్తే ఆ పద్నాలుగు గంటలూ లేనట్టే. ఎవరూ వేలెత్తి చూపరు, తనను తాను చూపుకోనక్కర్లేదు. కోత ఆయనకు, నయమయ్యేది తన తప్పు. పొమ్మంటే పోతాడీ పిచ్చి మనిషి, ఆ పొద్దు రొమ్ము చూపించి పడుకున్నట్టే పోయి పడుకుంటాడు.

కర్నూలు పోతే పదేళ్ళు బతుకుతాడేమో. పోకపోతే వచ్చే ఉగాదికి ఉండడేమో. లేదా అటుదిటు, ఇటుదటు అవుతుందేమో. డాక్టరమ్మకే తెలియనిది తనకేం తెలుస్తుంది? తెలిసిందల్లా, ఈ మనిషి అలిసిపోయాడని.

"వద్దులే" అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత బరువైందో ఆమెకే తెలుసు. "పోవద్దు. కానీ డాక్టరమ్మ రమ్మన్న్యప్పుడల్లా పోవాల. నొప్పొస్తే ఆ నిముషమే ఆటో. మళ్ళీ కమ్మి మాట ఎత్తితే నాలుక కోస్తా."

"సరే తల్లీ" అన్నాడు లింగప్ప.

మధ్యాహ్నం పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చేవాడు మోపెడ్ మీద వీధిలో అరుస్తూ పోతుంటే పెద్దక్క చూరులోంచి కమ్మి తీసి ఇచ్చింది. వాడు దాన్ని తూకంలో కూడా వేయలేదు. చేతిలో ఎగరేసి చూసి, నాలుగు ఎర్రగడ్డలు ఆమె కొంగులో పడేశాడు.

"మాయమ్మ కమ్మి మే. నాలుగు ఎర్రగడ్డలేనా?" అన్నాడు లింగప్ప.

"ఇంకొకటి అడిగింటే ఇస్తాండె. అడిగే ఓపిక లేదు" అంది పెద్దక్క.

పొద్దు వాలుతుండగా ఉమాదేవి ఫోన్ చేసింది. బిడ్డకు సెలైన్ ఎక్కిస్తున్నారట, భయం లేదన్నారట. "టైముకు తెచ్చినారన్నాడు డాక్టరు" అంది. ఆ మాట తల్లికి తగలాలని అనలేదు, అయినా తగిలింది. "సరే, రేపు సాయంత్రమే బయల్దేరల్ల. నాయన్ను తయారుగా ఉండమను."

"మీ నాయన రాడు ఉమా. మందులతోనే ఉంటాడు. ఇద్దరం అనుకొన్నాం."

అవతల్నుంచి ఏడుపు గొంతుతో, "ఆయప్ప ఎప్పుడూ ఇంతే, ఎవరి మాటా—"

"ఉమా." పెద్దక్క గొంతు పెద్దది చేయలేదు. "ఆయన్ను ఒక్క మాట అనొద్దు. ఇన్ని దినాలూ నా తిట్లు ఆయన తిన్న్యాడు. రేపు ఏమైనా గానీ, ఎప్పుడు ఏమైనా గానీ, తిట్లన్నీ నాకే పెట్టు. నేనే వద్దంటి అను."

ఫోన్ పక్కన పెట్టి, చంద్రుడి అట్ట తెచ్చి మూడు మాత్రలు ఆయన అరచేతిలో వేసింది. ఆయన మింగేదాకా చెంబు పట్టుకుని నిలబడింది.

అప్పుడే మేత నుంచి మంద తిరిగొస్తున్న చప్పుడు వినపడింది. లింగప్ప మంచం దిగాడు. నాలుగడుగులు వేశాడు, ఆగాడు, గోడ పట్టుకున్నాడు, ఊపిరి ఆడాక మళ్ళీ అడుగు వేశాడు. పెద్దక్క లోపలికి పోలేదు. ఆయన వాకిలి దాటేదాకా చూస్తూ అక్కడే నిలబడింది.