పైపాటు మందు

రేపు కాకినాడ డాక్టరుగారికి ఏం చెప్పాలో నాగదుర్గకి తెలుసు. కొత్త సిరప్పు దండగ.

పాపాయికి మూడో ఏడు నడుస్తోంది. మూర్ఛ వచ్చినప్పుడు మూతి ఒక పక్కకి లాగి, ఎడమచెయ్యి దానంతటది కొట్టుకుని, చూపు ఎటో వెళ్ళిపోతుంది. పాత మందుతో కొంతే తగ్గిందని, దానికి తోడు ఇంకొకటి రాశారు. తోడు వచ్చాక తగ్గాల్సింది కాస్తా పెరిగింది. నిద్ర కూడా ఒక అలవాటేనని, కావాలంటే మానుకోవచ్చని దుర్గ ఈమధ్యే తెలుసుకుంది.

సంచీ సర్దుతూ సీసాలు చేతిలోకి తీసుకుంది. రెండూ ఒకేరోజు కొన్నవే. కొత్తది అడుగంటింది. పాతది మాత్రం మెడదాకా ఉంది. మందు పట్టేది మామగారు భీమరాజు. ఆయన పట్టిస్తేనే పాపాయి ఉమ్మకుండా మింగుతుంది.

ఆయన వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు.

"మామయ్యగారూ, పాత సిరప్పు పట్టట్లేదాండి?"

"ఆపేశానమ్మా. పురుగు ఒక మందుకి అలవాటు పడితే మందు మార్చాలి గానీ, రెండూ కలిపి కొడతామా? చేను మాడిపోదూ!"

అరవడానికి దుర్గకి ఓపిక లేదు. ఉన్నా, అరిస్తే రేపట్నుంచి ఆ ఉమ్ములన్నీ తన చీర మీదే.

"నాట్లకి ముందు దమ్ములో ఎరువు వేస్తారు కదండీ. పిలకలప్పుడు మళ్ళీ పైపాటుగా యూరియా చల్లుతారు. చల్లేముందు మొదటి ఎరువు తీసి గట్టున పెడతారా?"

భీమరాజు నవ్వబోయి ఆగిపోయారు.

"అదెలా తీస్తామమ్మా?"

"ఇదీ అంతేనండి. కొత్తది పైపాటు. పాతది ఉన్నట్టుండి ఆపకూడదని డాక్టరుగారు చెప్పే పంపారు. మళ్ళీ ఎలా మొదలెట్టాలో ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి అడుగుతాను."

డ్యూటీ డాక్టరు చెప్పింది రాసుకుని దుర్గ ఫోను పెట్టేసేదాకా ఆయన కుర్చీ చేతిని గోకుతూ కూర్చున్నారు.

"అయితే పెరగడం నా వల్లేనా?"

దుర్గ సీసాలు రెండూ సంచీ పక్కన పెట్టింది. "రేపు మీరూ రండి," అంది.

మర్నాడు డాక్టరుగారు సీసాలు చూసి, "కొత్త మందు ఎలా పనిచేసిందమ్మా?" అన్నారు.

దుర్గ నోరు తెరిచేలోగా భీమరాజు చేతులు కట్టుకుని ముందుకొచ్చారు. "అది పనిచేసే వీలెక్కడిదండి? కింద ఎరువు నేను తీసేశాను కదండీ."

డాక్టరుగారికి ఎరువు సంగతి అర్థం కాలేదు. పెద్దాయన మొదట్నుంచీ చెప్పుకొచ్చారు, దమ్ముతో సహా.

"అయితే కొత్తదాన్ని అప్పుడే కాదనుకోనక్కర్లేదు. రెండూ కలిపి వాడి చూద్దాం," అన్నారు డాక్టరుగారు.

తన ఒళ్ళో పాపాయి చెయ్యి పట్టుకుని, దుర్గ గోడకి తల ఆనించింది. తనకి బదులు మాట్లాడేవాళ్ళు ఇంకొకరున్నారు. కాసేపు కళ్ళు మూసుకుంది.