గొంగడి కింద కొడుకు

సాగర్ కట్టకు పునాదిరాయి వేసిన ఏడు తిరుమలగిరి పక్క పల్లెల్లో వానలు తప్పాయి. కురుమయ్య కొడుకు గుర్వయ్య గొర్రెల మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు వలస పోయాడు. అక్కడ గత్తర రోగం తగిలి, వాంతులతో చచ్చిపోయాడు. తోటివాళ్లు అక్కడే మట్టి చేసి, వాడి గొంగడి ఒక్కటి ఇంటికి తెచ్చారు.

తల్లి బీరమ్మ ఏడవలేదు. ముఖం చూడనిదే కొడుకు లేడని ఎట్లా అనుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఏడిస్తేనన్నా ఆమె దక్కుతుందని కురుమయ్య ఒగ్గు కథ పెట్టించాడు. కొడుకు చచ్చిన రాణి కథ. పగటిపూట గొర్రెల దొడ్డి ముందర జనం కూర్చున్నారు. కథ చెప్పే సాయిలు కండువా తలమీద కప్పుకొని రాణి అయ్యాడు.

"మీసాలు కనవడ్తున్నయి రాణమ్మా, జర కొంగడ్డం పెట్టుకో!" అంది ముసలి బిక్షమ్మ. జనం నవ్వారు.

డోలు కొట్టేవాళ్లలో చిన్నవాడు జానయ్య చచ్చిన కొడుకై నేలమీద పడుకున్నాడు. వాడిమీద కప్పడానికి కథ పెట్టినవాళ్ల గొంగడి అడగడం ఆనవాయితీ. కురుమయ్య దండెం మీద చేతికి దొరికింది తెచ్చిచ్చాడు. కప్పినాక గానీ అది గుర్వయ్యదని చూసుకోలేదు.

సాయిలు గుండెలు బాదుకొని ఏడ్చాడు. ఆడవాళ్లు కొంగులు తడుపుకున్నారు. బీరమ్మ లేచి పోయి, గొంగడి పక్కన కూలబడి, తల ఉన్నచోట చెయ్యి వేసింది.

ఇక కథలో దేవుడు రాణి కొడుకును బతికించి లేపాలి. లేపకుండా కథ ఆపితే ఊరికి కీడు. సాయిలు వంగి, "జరుగు బీరమ్మక్కా, పిలగాన్ని లేపాలె" అన్నాడు.

"లేపకు తమ్మీ. లేస్తే మీ జానయ్య అయితడు. గిట్ల పండుకున్నంతసేపు నా కొడుకే."

డోళ్లు ఆగిపోయాయి.

"లేవే, ఊరంతా చూస్తాంది" అన్నాడు కురుమయ్య. ఆమె కదల్లేదు. ఎండలో, ఉన్ని కింద జానయ్యకు దగ్గు వచ్చింది. ఆపుకున్నాడు. మళ్లీ వచ్చింది. బీరమ్మ చెయ్యి తీసింది. మెల్లగా అంచు ఎత్తింది. చెమటతో తడిసిన ముఖం. గుర్వయ్యది కాదు.

"మీ అమ్మ ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది."

"లే మరి. పో."

జానయ్య లేచాడు. కొడుకు లేచినప్పుడు జనమంతా కేక వెయ్యాలి. సాయిలు ఒక్కడే రాణి గొంతుతో కొడుకును పిలిచి కావలించుకున్నాడు.

జానయ్య లేచిన జాగాలో బీరమ్మ పడుకొని, గొంగడి తలమీదుగా లాక్కుంది. కురుమయ్య పక్కన కూర్చున్నాడు. లోపలినుంచి ఏడుపు వస్తుందేమోనని చెవి పెట్టాడు.

మాటలు వినిపించాయి. కృష్ణల నీళ్లున్నయా, గొర్రెలు తాగినయా అని అడుగుతోంది. మధ్యమధ్య ఆగి, జవాబు విన్నట్టు ఊఁ కొడుతోంది.