పైకప్పులో మా వాటా

మా ఊరు మొలిదేనిలో మీ ఇల్లెక్కడ అని అడిగితే ఆ రోజుల్లో రెండు చోట్లు చెప్పాలి. ఒకటి వాగు పక్కన నేల మీద ఉన్నది. రెండోది కొండ మీది చర్చి కప్పులో ఉన్నది.

మా ఊరిని కాచే పునీతురాలు పరస్కేవా తల్లి చర్చి అడుగు దూలం నుంచి శిఖరం కొస దాకా చెక్కే. కప్పు మీద చేప పొలుసుల్లా పరిచిన చెక్క పెంకుల్ని ఊళ్లోని ఇళ్లన్నీ వాటాలుగా పంచుకున్నాయి. ఎవరి వాటాకి కావలసిన పెంకులు వాళ్లే చీల్చుకోవాలి. ఆ ఇంటి మగవాడే పైకెక్కి మేకులు కొట్టాలి. అక్కడ ఇంకో ఇంటి సుత్తి పడకూడదు. ఇది ఎక్కడా రాసి పెట్టిన మాట కాదు. కానీ ప్రార్థన మధ్యలో పైనుంచి ఒక చుక్క టప్పున పడిందంటే ఊరంతా ముందు కప్పుకేసి చూసేది, తర్వాత ఆ ఇంటి ఆడదాని మొహంకేసి చూసేది.

ఎవరి వాటా కింద ఆ ఇంటి పెద్దావిడ నిలబడాలి, కోడళ్లు గోడవారన నిలబడాలి. మా వాటా ఆడవాళ్లు నిలబడే ముందుగది మీద, సరిగ్గా నడిమి తలుపుకి ఎదురుగా ఉంది. మా అత్త పలాగా నిలబడే చోటు అదే. అక్కడి నుంచి చూస్తే లోపల వెలిగే కొవ్వొత్తులు, ఫాదరుగారి మొహం, పరస్కేవా తల్లి బొమ్మ అన్నీ కనిపించేవి. పక్క వాటా గ్రిగోరెది. దాని కింద లావుపాటి స్తంభం ఒకటి ఉంది. పాపం అతని భార్య నస్తాసియా తన అత్త పోయిన నాటి నుంచి ఆ స్తంభానికే దండం పెట్టుకుంటోంది.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లిన ఏడు చర్చికి మొత్తం కొత్త కప్పు వెయ్యాలని ఊరు తీర్మానించింది. అక్టోబరులో పరస్కేవా పండగ. అప్పటికి ఎవరి వాటా అయినా బోడిగా మిగిలితే అది పక్క వాటా వాళ్లకి పోతుంది. దాంతోపాటు కింద నిలబడే చోటూ పోతుంది. పోయిందంటే ఇక తిరిగి రాదు.

ఆ ఎండాకాలంలోనే అడవిలో దుంగ దొర్లి మా ఆయన తొయాదెర్ కాలు విరిగింది. మోకాలి పైదాకా పిండికట్టు వేసి, చలికాలం వచ్చేదాకా కాలు కింద పెట్టొద్దని డాక్టరు చెప్పి పంపించాడు.

మర్నాడే నస్తాసియా గిన్నెడు మీగడ పట్టుకుని పరామర్శకి వచ్చింది. మంచం దగ్గర కూర్చుని కట్టుని అటూ ఇటూ తిరిగి చూసింది.

"అయ్యో నాయనా, పండక్కి కూడా లేవలేడేమో అక్కా!"

"వాడు లేవకపోతే నీకెందుకే అంత సంతోషం?" అంది మా అత్త.

"నాకు సంతోషమా! నీ కొడుకు నా కొడుకు కాడూ? మా ఆయన కూడా అంటున్నాడు, పెంకులు కాసిని ఎక్కువే చీల్చానని. వాటా బోడిగా ఉంటే ఊరంతటికీ అప్రతిష్ట కదా!"

"ఆ ఎక్కువ చీల్చినవి మీ కోళ్లగూటికి వేసుకోండి. మీగడ బాగుంది, గిన్నె కడిగిస్తాను, వెళ్లు."

ఆవిడ గుమ్మం దాటగానే మా అత్త నా వైపు తిరిగింది. నేను సిగెత్ పట్నంలో చదువుకుని పంతులమ్మ ఉద్యోగంతో వచ్చినదాన్ని. నేను గొడ్డలి పట్టడం చూసి నవ్వుకోవడానికి తప్ప ఆవిడ నన్నెప్పుడూ పని దగ్గరకి పిలవలేదు.

"ఏమే యూస్టీనా, సుద్దముక్క తప్ప ఇంకేమైనా పట్టుకోగలవా?"

"నేర్పితే పట్టుకుంటాను అత్తయ్యా."

ఆ సెప్టెంబరంతా మా పెరడు చెక్క వాసనే. బడి అయిపోగానే వచ్చి కూర్చునేదాన్ని. దేవదారు దిమ్మెని నిలబెట్టి, నార ఎటు పోతే అటు కత్తి పెట్టి చీల్చాలి. రంపం తగలకూడదు. నార తెగితే పెంకు నీళ్లు తాగి కుళ్లిపోతుంది. నేను చీల్చినవాటిలో సగం పొయ్యిలోకే పోయాయి. మా అత్త ఒక్కొక్కదాన్నీ వెలుగుకి ఎత్తి చూసి, "ఇది పెంకా, గరిటా?" అనేది. మా ఆయన మంచం మీద కూర్చుని వాటి అంచులు చెక్కేవాడు. సాయంత్రాలు మొక్కజొన్న సంకటిలో గొర్రె జున్ను కలుపుకుని, అరచేతుల్లో బొబ్బలు చిట్లకుండా జాగ్రత్తగా తినేదాన్ని. చెప్పొద్దూ, ఆ ఇంట్లో నేను చుట్టాన్ని కాకుండా పోయింది ఆ నెలలోనే.

పెంకులు తయారయ్యాయి. మేకులు కొట్టేదెవరు? మా అత్త ఫాదరుగారి దగ్గరకి వెళ్లింది, వెనకే నేను.

"నేనెక్కుతాను తండ్రీ," అంది.

"ఆడవాళ్లు చర్చి కప్పు తొక్కకూడదు పలాగా. నీకు తెలియంది కాదు."

"పరస్కేవా తల్లి మాత్రం ఆడది కాదూ?"

"ఆవిడ లోపలుంది. కప్పెక్కలేదుగా."

"పోనీ ఇంకెవరి చేతైనా కొట్టించుకోనివ్వండి."

"మీ మావగారే కదా ఒకప్పుడు అందుకు ఒప్పుకోనిది? బండీవాడి విధవ తన తమ్ముణ్ణి ఎక్కిస్తానంటే, ఇంటి చెయ్యి కాదని కిందికి దింపించాడు. ఇప్పుడు మీకో లెక్క, వాళ్లకో లెక్కా?"

 మా అత్త దారి పొడుగునా తన మావగారిని తిడుతూనే వచ్చింది. ఇంటికొచ్చాక కొడుకుని ఎగాదిగా చూసింది.

"ఒరే, నీ చేతులకేమీ కాలేదు కదా?"

"కాలేదమ్మా."

"ఎక్కకూడదన్నారు గానీ ఎక్కించకూడదని ఎవరూ అనలేదు."

పండగ ముందురోజు పొద్దున్నే మా ఆయన్ని ఎండుగడ్డి బండి మీద కొండెక్కించాం. గడ్డి మోపులు కట్టే లావు తాడు లోపలి నిచ్చెన మీదుగా తీసుకెళ్లి శిఖరం మొదట్లో చుట్టి, దాని కొసకి కూర్చునే చెక్క పలక కట్టి, మనిషిని పలకకి కట్టారు. పిండికట్టు కాలు ముందుకి గడకర్రలా పొడుచుకొచ్చింది. కింద తాడు లాగడానికి ఊరి మగవాళ్లు నిలబడ్డారు. వాళ్లలో ఏ ఒక్కడు ఎక్కినా మధ్యాహ్నానికి పని అయిపోయేది. ఆ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. అంత బలమూ పెట్టి ఒక కుంటివాణ్ణి పైకి లాగడమే వాళ్లకి న్యాయంగా కనిపించింది.

తాడు మొదట పట్టినవాడు గ్రిగోరె. అందరిలోకీ బలశాలి, ఆ చోటు ఎప్పుడూ అతనిదే. నేను పలక ముడి మళ్లీ ఓసారి లాగి చూశాను.

"గ్రిగోరే," అంది మా అత్త, "చేతులు చెమటలు పడుతున్నాయేమో, తుడుచుకో."

"వదినా, నీ వాటా మీద నాకు ఆశ ఉంది. నీ కొడుకు మీద కోపం లేదు. పక్కకి జరుగు."

లాగారు. మా ఆయన బస్తాలా ఊగుతూ పైకి వెళ్లాడు. కట్టుకాలు దూలానికి కొట్టుకున్నప్పుడల్లా తిట్టేవాడు, కింద ఫాదరుగారు శిలువ గుర్తు వేసుకునేవారు. నేను పెంకుల గంప ఇంకో తాడుకి కట్టి పంపుతున్నాను. మా అత్త కింద నించుని, "ఎడంపక్క పెంకు పక్కదాని మీదికి ఎక్కాలి! ఒరే, నిద్రపోతున్నావా!" అని కేకలు. నస్తాసియా కంచె దగ్గర నిలబడి జపమాల తిప్పుతోంది. దేనికోసం తిప్పుతోందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పొద్దు వాలే వేళకి చివరి వరస మిగిలింది. గ్రిగోరె వాటాని ఆనుకున్న అంచు అది. పలక అంతదూరం పోవడం లేదు. మా ఆయన చెయ్యి చాపితే జానెడు అందడం లేదు. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. అందరూ గ్రిగోరె వైపు చూశారు. అతను ఊరికే తాడు పట్టుకుని కూర్చున్నా చాలు, రేపటికి ఆ వాటా అతనిదే.

గ్రిగోరె తాడు భుజానికి వేసుకుని, బురదలో మడమలు తన్నిపెట్టి, చర్చి మూల చుట్టూ అడ్డంగా నడిచాడు. పలక పక్కకి జరిగింది. తాడు కోసుకుపోయి అతని చొక్కా భుజం మీద చిరిగింది. పైనుంచి సుత్తి చప్పుడు వినిపించింది. కంచె దగ్గర నస్తాసియా జపమాల జేబులో పడేసుకుని, "ఇంటికి రా నువ్వు, చెబుతాను!" అని మొగుడి మీద అరిచింది.

మర్నాడు పండగ. వాన దంచి కొట్టింది. మా అత్త ఉతికిన తలగుడ్డ కట్టుకుని తన చోట్లో రాణిలా నిలబడింది. ప్రార్థన సగంలో ఆవిడ కుడిభుజం మీద చుక్క పడింది. ఊరంతా కప్పుకేసి చూసింది. కారేది రెండు వాటాల అతుకు దగ్గర.

"మీదే!" అంది నస్తాసియా స్తంభం వెనక నుంచి.

"మీ అంచే!" అంది మా అత్త.

ఫాదరుగారు గొంతు సవరించుకున్నారు. ఆ తగువు అప్పుడు తేలలేదు, తర్వాతా తేలలేదు. బాగుచేసినవాళ్లు తప్పు ఒప్పుకున్నట్టవుతుందని రెండిళ్ల వాళ్లూ ఆ చుక్కని ముట్టుకోలేదు. వాన రోజుల్లో మా అత్త ఎడమకి జరిగేది. ఖాళీ అయిన కాస్త తడిచోట్లోకి నస్తాసియా స్తంభం వెనక నుంచి వచ్చి నిలబడేది. తల తడిసినా అక్కడినుంచి కొవ్వొత్తులు కనిపిస్తాయి కదా! రాను రాను ఎండ రోజుల్లో కూడా ఇద్దరూ అక్కడే, భుజం భుజం ఆనించి, ఒకరి మీద ఒకరు సణుక్కుంటూ నిలబడేవాళ్లు.

ఇప్పుడు కింద రోడ్డు పక్కన ఇటుక చర్చి కట్టారు. వెచ్చగా ఉంటుంది, బెంచీలున్నాయి, ఎవరెక్కడ కూర్చున్నా అడిగే నాథుడు లేడు. చెక్క చర్చిని పండగ రోజున తెరుస్తాం. పట్నం నుంచి వచ్చిన పనివాళ్లు కప్పంతా ఒకే చేత్తో నేశారు. మంచి పనే. ఏ పెంకు ఎవరిదో మాత్రం చెప్పలేం. లోపలికి అడుగు పెట్టగానే ఆ పాత చెక్క వాసనకి తల ఎత్తి కప్పుకేసి చూస్తాను.

ఈ కొత్త కప్పు రాకముందు, మా అత్త పోయాక వచ్చిన మొదటి పండగ గుర్తుంది. ఆ రోజూ వానే. నేను అలవాటుగా గోడవారన, కోడళ్ల వరసలో నిలబడ్డాను. నడిమి తలుపు ఎదుట నస్తాసియా ఒక్కతే ఉంది. పక్కన పొడిగా ఉన్న చోటు ఖాళీగా ఉంది. ఆవిడ ఎడమకి ఒక్క అడుగు వేస్తే చాలు. వెయ్యలేదు. తలగుడ్డ తడుస్తున్నా చుక్క కిందే నిలబడింది. కాసేపటికి వెనక్కి తిరిగి నా కోసం వెతికింది.

"అక్కడేం చేస్తున్నావే? ఇటు రా. ఇది మీ చోటు."

వెళ్లి నిలబడ్డాను. కొవ్వొత్తులు, ఫాదరుగారి మొహం, పరస్కేవా తల్లి అన్నీ కనిపించాయి. కళ్లలో నీళ్లు తిరిగి అలుక్కుపోయాయి. నస్తాసియా తలగుడ్డ అంచు పిండుకుంటూ పక్కనుంచి గొణిగింది.

"మీ వాటా కారుతోంది."

అంతకాలం ఆ ఊళ్లో పెద్దవాళ్లకి నేనెదురు చెప్పి ఎరగను.

"కారేది మీ అంచు పిన్నీ," అన్నాను.

ఆవిడ ముందుకే చూస్తూ, తృప్తిగా, నా భుజానికి భుజం ఆనించింది.