కిలో సంచి

ఆ ఆఫీసులో ఫొటోగ్రాఫర్‌కి మోసే బరువును బట్టే మర్యాద. యాత్రల పుస్తకాలు వేసే సంస్థ అది. ఎవరు ఎక్కడికి బయల్దేరినా ముందు రోజు సామాన్ల గదిలోకి వెళ్లి, దూలానికి వేలాడే కొక్కెం కాటాకి కెమెరా సంచి తగిలించాలి. ముల్లు ఎక్కడ ఆగితే ఆ అంకెను స్టోరు అక్క గోడమీది నల్లబల్ల మీద పేరు పక్కన సుద్దముక్కతో రాస్తుంది. ఎప్పుడో విమానంలో బరువు ఎక్కువై ఎవరో సగం సామాను వదిలేసి రావాల్సి వచ్చిందట, అందుకని పెట్టిన కాటా. పోనుపోను అది పందెంలా తయారైంది. తొమ్మిది కిలోలంటే పనిమంతుడు. పదకొండంటే మొనగాడు.

ఆ పదకొండు, అక్కడే ఫొటోలు తీసే ఒకమ్మాయి బాబాయిది. సొంత పిన్ని మొగుడే. ఇరవై ఆరేళ్లు ఆ బరువు మోసీ మోసీ ఆయన ఎడమ భుజం కిందికి ఒరిగిపోయింది. చొక్కా ఎప్పుడూ ఒక పక్కకి జారినట్టుండేది. దాన్ని ఆయన పతకంలా చూపించుకు తిరిగేవాడు. ఆమెని ఆ ఉద్యోగంలో చేర్చిందీ ఆయనే. మాట తక్కువ పిల్ల కాబట్టి మొదటి రోజే "మా ముంగి" అని అందరికీ పరిచయం చేశాడు. నాలుగేళ్లయినా ఆ పేరు ఊడలేదు.

రెండేళ్ల కిందట ఆమె కూడా ఆఫీసు సంచి మోసింది. తొమ్మిది కిలోలు. మూడో రోజు నడకలో ఒక ఇంటి గడప మీద ముసలాయన తన భార్యకి జుట్టు కత్తిరిస్తూ కనిపించాడు. ఆవిడ కళ్లు మూసుకుని, ఒడిలో రాలిన తెల్లవెంట్రుకల్ని వేళ్లతో దువ్వుకుంటోంది. ఆమె చూసింది. చెయ్యి సంచి వైపు పోలేదు. పట్టీలు విప్పాలి, లెన్సు మార్చాలి, మళ్లీ భుజానికెత్తుకోవాలి. చూస్తూ చూస్తూ దాటిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గాని, ఆ రోజు నుంచి ఆ సంచి మీద ఆమెకి కోపం. సంచి మీద కోపం తీర్చుకోవాలంటే మరో సంచి కట్టుకోవాలి.

అందుకు ఆరు నెలలు పట్టింది. ఆదివారాలు కెమెరాలు అద్దెకు తెచ్చుకుని ఆఫీసు ఆరంతస్తుల మెట్లు రెండుసార్లు ఎక్కి దిగేది. దిగీ దిగగానే, ఆయాసం తీరకముందే, వీధి మలుపులో చెప్పులు కుట్టే ఆవిడని ఒక్క ఫొటో తీసేది. చెయ్యి వణికిందా లేదా అన్నదే పరీక్ష.

"ఎన్ని తీస్తావమ్మా, నా మొహంలో నిధేమన్నా దొరికిందా?" అనేది ఆవిడ.

మొదట అందరూ మెచ్చుకునే పొడుగు జూమ్ లెన్సు తెచ్చింది. దగ్గరా దూరమూ అన్నీ అందులోనే. సాయంత్రం వెలుతురు పల్చబడేసరికి ముఖాలు మసకబారాయి. పైగా కెమెరా కంటే లెన్సు బరువై మూతి కిందికి వాలేది, మణికట్టు గుంజేది. తర్వాత జేబులో పట్టే కెమెరా. అది చెమట చేతిలో సబ్బుబిళ్లలా జారింది, మధ్యాహ్నానికి బ్యాటరీ చేతులెత్తేసింది. ఇలా పదకొండు జతలు చూసి పన్నెండో దాని దగ్గర ఆగింది. నాలుగు వందల ముప్పై గ్రాముల చిన్న కెమెరా, రెండు లెన్సులు, రెండూ జూమ్ లేనివే. ఒకటి వెడల్పుది, చిన్న గదిలో నిలబడి గదంతా పట్టుకోవచ్చు. రెండోది పదడుగుల నుంచి వీధి అవతలి దాకా ఎక్కడున్నా మనిషి ముఖాన్ని దగ్గరగా పట్టేది. గుప్పిట్లో ఇమిడేంత ఉంటుంది, రెండు వందల నలభై గ్రాములు. మూడు బ్యాటరీలు. మొత్తం కలిపి కిలో.

ఆ రెండో లెన్సే ఆమెకి ప్రాణం. మనుషుల్ని ఉలిక్కిపడనీకుండా ఒక పక్కన నిలబడి చూడడం ఆమెకి చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ అలవాటుకి అతికినట్టు సరిపోయింది ఆ లెన్సు.

కొండదారి పుస్తకం పని వచ్చింది. తొమ్మిది రోజుల నడక. కొండలూ పక్షులూ బాబాయివి. దారిలో బతికే మనుషుల పేజీలు, అరవై, ఆమెవి. మొదటిసారి తన పేరుతో అచ్చు కాబోయే పేజీలు.

కాటాకి సంచి తగిలిస్తే స్టోరు అక్క కళ్లజోడు సర్దుకుని రెండోసారి చూసింది. "ఒసే, కెమెరా పెట్టావా, ఇంట్లో మర్చిపోయావా?"

"పెట్టానక్కా."

"కిలో ఉల్లిపాయలు కొంటే మా ఇంట్లో రెండ్రోజులు రావు," అన్నాడు బాబాయి. "దీంతో పుస్తకం తీసుకొస్తుందట మా ముంగి."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వినట్టు పెదవి కదిపింది. నల్లబల్ల మీద పదకొండు కింద ఒకటి పడింది. సంచులు రాత్రికి ఆ గదిలోనే ఉండిపోయాయి.

మర్నాడు ఆమె టిక్కెట్లకి వరసలో నిలబడి వచ్చేసరికి బాబాయి సామానంతా ఆఫీసు నుంచి తెచ్చి బస్సు మీదికి ఎక్కించేశాడు. "నీదీ నేనే కట్టించాను, పద," అన్నాడు. ఆ మాటకి ఆమె ఎంతో సంతోషపడింది కూడా. ఏడు గంటల ప్రయాణం తర్వాత కొండ మొదట్లో బస దగ్గర దిగి సంచి ఎత్తబోతే అది నేలకి అతుక్కున్నట్టు లేవలేదు.

గదిలోకి ఈడ్చుకెళ్లి విప్పింది. పైన బాబాయి పెద్ద లెన్సు, ముంజేయంత పొడవుది. దాని పక్కన ముక్కాలి స్టాండు తల, చార్జరు, ఆయన వాన కోటు. అడుగున ఆమె కెమెరా, దానికి బిగించిన వెడల్పు లెన్సు. రెండో లెన్సు ఉండాల్సిన గూడులో ఆయన మేజోళ్లు కుక్కి ఉన్నాయి.

ఆమె మేజోళ్లు బయటికి తీసింది. గూట్లో వేలు పెట్టి చూసింది. మళ్లీ చూసింది.

"నా చిన్న లెన్సేది బాబాయ్?"

ఆయన మంచం మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. "స్టోరు అక్కకిచ్చాను, భద్రంగా ఉంటుందిలే. పెద్దది పట్టట్లేదని తీశాను. నీ సంచి ఎలాగూ ఖాళీయేగా."

"ఖాళీగా లేదు. తేలిగ్గా ఉంది."

"రెండూ ఒకటే."

ఆమె చెవులు వేడెక్కాయి. ఆరు నెలల ఆదివారాలు, వందల మెట్లు, ఆ చెప్పులు కుట్టే ఆవిడ ముఖం అన్నీ ఒక్కసారే గుర్తుకొచ్చాయి.

"ఏం కొంప మునిగిందిప్పుడు?" అన్నాడు ఆయన. "దూరం కావాలంటే నా పెద్ద లెన్సే తగిలించుకో. నీ సంచిలోనే ఉందిగా. నీ దాని బాబులాంటిది."

ఆమె ఆయన లెన్సు తీసింది. తన కెమెరాకున్న లెన్సు విప్పి ఆయన కళ్లముందే పెద్దదాన్ని ఆనించింది. అది సరిగ్గా కూర్చోలేదు. తిప్పింది. గిన్నె మీద వేరే గిన్నె మూతలా జారింది.

ఆయన వంగి చూశాడు. "ఒకే కంపెనీ కదే?"

"లెన్సు బిగించే మూతి వేరు బాబాయ్. కొత్త కెమెరాలకి మూతి మార్చారు. పాత లెన్సు పట్టాలంటే మధ్యలో రింగుండాలి. ఈ లెన్సు నేను మొయ్యనుగనక ఆ రింగు కొనలేదు."

ఇరవై ఆరేళ్ల అనుభవం ఆ కొత్త కెమెరాని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడలేదు. పిల్లలాడే బొమ్మ అని పేరు పెట్టి ఊరుకుంది. ఆయన కావాలని చేసి ఉంటే ఆమెకి ఇంత మండేది కాదు. ఆయన అసలు ఆలోచించలేదు. తేలిగ్గా ఉన్నదంటే ఎవరైనా ఏదైనా కుక్కుకోవచ్చు, అంతే.

ఆమె ఆయన సామానంతా ఒక్కొక్కటే తీసి ఆయన మంచం మీద పేర్చింది. ఆఖరున మేజోళ్లు పెట్టింది.

"ఇవన్నీ ఎవరు మోస్తారే?"

"పదకొండు కిలోలని బల్ల మీద రాయించుకున్నవాళ్లు."

బయటికొచ్చి పిన్నికి ఫోన్ చేసింది. చెప్పగా విని పిన్ని నిట్టూర్చింది. "ఆయన మనసులో ఏమీ పెట్టుకోరే. నిన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన చేతులవి."

"ఆ చేతులే పిన్నీ నా సంచి విప్పినవి."

"సర్దుకుపోవే తల్లీ."

"సర్దడం ఆయనకే బాగా వచ్చు," అని పెట్టేసింది.

బాబాయి రెండు రోజులు తన బరువు తానే మోశాడు. మూడో రోజు భుజం పట్టేసి దారిలోని బసలో ఆగిపోయాడు. ఆమె వెడల్పు లెన్సు ఒక్కటే పెట్టుకుని ముందుకెళ్లింది. ఆ లెన్సుతో ముఖం కావాలంటే రెండడుగుల దగ్గరికి పోవాలి. పోయింది. కొందరు తలుపేసుకున్నారు. ఒకావిడ బకెట్ నీళ్లు కాళ్ల మీద పోసింది. ఆమె తడి బూట్లతోనే అరుగు మీద కూర్చుంది, మధ్యాహ్నం దాకా. ఆ ఇంటి పిల్ల చొక్కాకి ఊడిన బటన్లు కుట్టిపెట్టాక లోపలికి రమ్మన్నారు. అలా ఇల్లిల్లూ సంపాదించుకుంది. దగ్గరికెళ్లిన ప్రతిసారీ పళ్లు బిగపట్టుకునే వెళ్లింది.

ఏడో రోజు ఒక చిన్న తాళ్ల వంతెన. ఒకావిడ వీపు మీద తలుపు చెక్క కట్టుకుని అవతల నుంచి వస్తోంది, పూర్తి తలుపు, గొళ్లెంతో సహా. నడి వంతెనలో గాలి లేచింది. చెక్క తెరచాపలా లాగింది. ఆవిడ పక్కకి తిరిగి, తలుపు అంచుని గాలికి ఎదురుగా పెట్టి, ఒక చేత్తో తాడు పట్టుకుని గాలి ఆగేదాకా నిలబడింది. ముఖంలో భయం లేదు. విసుగుంది, బస్సు ఆలస్యమైనట్టు.

ఆమె వంతెన ఎక్కితే అది ఊగుతుంది. ఎక్కలేదు. ఒడ్డునుంచే తీసింది. ఫొటోలో లోయంతా వచ్చింది, నదంతా వచ్చింది. మధ్యలో చీమంత మనిషి. చిన్న లెన్సు ఉంటే ఆ విసుగు దొరికేది. అది స్టోరులో అరమీద భద్రంగా ఉంది.

నెల తర్వాత పుస్తకం నమూనా పేజీలు సామాన్ల గదిలోని పొడుగుబల్ల మీద పరిచారు. అంత పెద్ద బల్ల ఆఫీసులో మరొకటి లేదు. అందరూ చుట్టూ చేరారు. ఎడిటరమ్మ ఒక్కో ముఖం దగ్గరా ఆగింది.

"ఎంత దగ్గరికెళ్లావమ్మా. ఊపిరి తగిలేటట్టున్నారు."

బాబాయి భుజం తడుముకుంటూ ముందుకొచ్చాడు. "దాని వెనక కథుంది మేడమ్. మా ముంగికి బిడియం ఎక్కువ. దూరం నుంచి తీసే లెన్సు ఒకటి దాచుకుంది. నేనే తీయించేశాను. దగ్గరికి పోవడం నేర్చుకోవాలని. చూడండి, నేర్చుకుంది."

ఎడిటరమ్మ మెచ్చుకోలుగా తలూపింది. స్టోరు అక్క మాత్రం ఆమె వైపు చూసింది.

ఆమె సంచిలోంచి చిన్న లెన్సున్న తిత్తి తీసి, కుర్చీ జరుపుకుని ఎక్కి, కాటా కొక్కేనికి తగిలించింది.

"అక్కా, ఎంతో చదువు."

స్టోరు అక్క మెడ సాచింది. "చదవడానికేముందే. మొదటి గీత కూడా దాటలేదు."

"బాబాయి మేజోళ్లకి చోటు చాలక తీసేసింది దీన్నే. నేర్పడానికి కాదు. ఆయన పెద్ద లెన్సు నా కెమెరాకి తగలదని కొండ మొదట్లోకి వచ్చాకే ఆయనకి తెలిసింది." అక్కడితో ఆపలేదు. సంచిలోంచి వంతెన ఫొటో తీసి పేజీల మీద పెట్టింది. "ఈ ముఖాలన్నీ నేను తెచ్చుకున్నవి. ఆయన మూలంగా వచ్చింది ఇదొక్కటే. ఇది అట్ట మీదికి రావాల్సింది. ఈ మనిషిని వెతుక్కోండి."

ఎడిటరమ్మ కళ్లజోడు తీసి, వంగి, వేలితో లోయంతా వెతికింది.

"ఇంతమందిలో నా పరువు తీస్తావే?" అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి.

"నా సంచి విప్పినప్పుడు ఎవరూ లేరు బాబాయ్. అందుకే ఇప్పుడు అందరిలో చెప్తున్నాను. ఇంకోటి. నన్ను ముంగి అనకండి."

ఆయన బల్ల మీద పేజీలు సర్దసాగాడు. సర్దాల్సినవేవీ లేవు.

ఆమె లెన్సు తీసి జేబులో వేసుకుని కుర్చీ దిగింది. నల్లబల్ల మీద పోయిన నెల అంకెలు ఇంకా అలాగే ఉన్నాయి, పైన పదకొండు, కింద ఒకటి. స్టోరు అక్క తడిగుడ్డ అందుకుని రెంటినీ తుడిచేసింది. తర్వాత సుద్దముక్క తీసుకుని, "చెప్పవే," అంది, "ఇకనుంచి ఇక్కడ ఏం రాయమంటావో."

"ఎవరి సంచిలో ఏముందో రాయక్కా," అంది ఆమె. "ఎవరు పెట్టారో కూడా."