చెండ కంటే ముందు రాయి

సుగతన్‌కు కూతురి మీద పెద్ద ఆశలేమీ లేవు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు. పిల్ల సంతోషంగా ఉంటే చాలు. కాకపోతే ఆ సంతోషం జిల్లా పోటీల్లో మొదటి బహుమతి తెచ్చే రకమైతే ఇంకాస్త బాగుంటుంది, అంతే.

తొమ్మిదేళ్ల ఇందుజ గుడి ఉత్సవాల్లో మోగించే చెండ డోలు నేర్చుకుంటానన్న రోజున ఆయన తను పనిచేసే ఒట్టప్పాలం రిజిస్ట్రేషన్ ఆఫీసులో బల్లబల్లకీ తిరిగి హల్వా పంచాడు. తీరా చూస్తే చెండ నేర్పే గురువు అచ్యుత మారార్ ఆశాన్ దగ్గర పిల్లల చేతికి చెండ ఇవ్వరు. చింతకర్రతో చెక్కిన రెండు పుల్లలిచ్చి, తలా ఒక నల్లరాయి ముందు కూర్చోబెట్టి కొట్టమంటారు. త-కి-ట, త-కి-ట. మణికట్టు తిరిగేదాకా రాయే. ఏడాది పట్టవచ్చు, రెండేళ్లూ పట్టవచ్చు. ఆశాన్ నేర్చుకున్నదీ అలాగే, ఆయన తండ్రి నేర్చుకున్నదీ అలాగే.

ఇందుజకి ఆ రాయి నచ్చింది. అంచున కొడితే ఒక రకంగా, నడిమధ్యన కొడితే ఇంకో రకంగా మోగుతుందని కనిపెట్టింది. పొద్దున్నే పళ్లు కూడా తోముకోకుండా పెరట్లో బట్టలుతికే బండ ముందు చేరేది. తప్పు పడితే తనలో తనే నవ్వుకుని మళ్లీ మొదలుపెట్టేది.

చిక్కల్లా చుట్టాలతో వచ్చింది. సుగతన్ వచ్చినవాళ్లనల్లా పెరట్లోకి తీసుకుపోయి వినిపించేవాడు. పాలక్కాడ్ నుంచి వచ్చిన బావగారు పావుగంట ఓపికగా విని, ఉతకాల్సిన బట్టలు ఎప్పుడు తెస్తారని అడిగాడు.

ఆ మాట సుగతన్‌కు గుచ్చుకుంది. నేర్చుకోవడం మొదలుపెట్టిన ఏడో నెలలో, పిల్ల పుట్టినరోజుకి, ఆశాన్‌తో మాటైనా చెప్పకుండా కొత్త చెండ తెచ్చాడు. ముప్ఫై మందిని పిలిచాడు. ఫోనులో బాగా తీస్తాడని పేరున్న పక్కింటాయనను ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఇందుజ మెడలో పట్టీ వేసుకుని, తండ్రి మొహం వైపు ఒకసారి చూసి, కొట్టింది. ఎడమచెయ్యి వెనకబడింది. బండ మీద ఆమెకి తప్ప ఎవరికీ వినపడని తప్పు, తోలు మీద వీధి చివరిదాకా వినపడింది. ఎవరో నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, పిల్లల్ని చూసి అందరూ నవ్వేదే. ఆమె మధ్యలో ఆపేసింది. పట్టీ తలమీదుగా తీసి, చెండని జాగ్రత్తగా కింద పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆశాన్ దగ్గరికి వెళ్లలేదు. ఆ మర్నాడూ అంతే. సుగతన్ సైకిలు కొంటానన్నాడు. గోడకి ఒక పట్టిక అంటించి రోజుకో నక్షత్రం అన్నాడు. పట్టుదల గురించి ఒక ఆదివారమంతా మాట్లాడాడు. ఆమె విన్నది. పేచీ కూడా పెట్టలేదు. పదకొండో రోజున స్నానాల నీళ్లు కాచబోతే, కట్టెల్లో చింతపుల్లలు రెండూ కనిపించాయి.

ఆయన వాటిని తీసి, మసి తుడిచి, చొక్కా మార్చుకోకుండానే ఆశాన్ ఇంటికి నడిచాడు. దారిలో ఎదురైన ఇద్దరు ఏమిటి సంగతని అడిగినా ఆగలేదు.

ఆశాన్ వాకిట్లో చాప మీద కూర్చుని చెండకి తాళ్లు బిగిస్తున్నాడు. సంగతంతా విన్నాడు.

“మంచి తోలేనా?” అన్నాడు.

“మంచిదే ఆశానే.”

“రాయి తప్పుని బయటపెట్టదు సారే. చెండ ఊరంతా చాటుతుంది. పిల్లలు తప్పులు చేసుకోడానికే ఆ రాయి. మీరు దాన్ని లాగేసి ముప్ఫై మందిని కూర్చోబెట్టారు.”

మీరొకసారి ఇంటికొచ్చి చెప్తే వింటుందని సుగతన్ బతిమాలాడు. రమ్మంటే వచ్చేది కాదన్నాడు ఆశాన్. పిల్ల తనంతట వస్తే తను పొమ్మనడు. అంతకంటే తన చేతిలో ఏం లేదని మళ్లీ తాడు అందుకున్నాడు.

ఆ సాయంత్రమే సుగతన్ హాల్లోంచి చెండ తీసి పెద్దపిల్లల్ని వాడుకోమని ఆశాన్ కొట్టంలో పెట్టి వచ్చాడు. గోడ మీది పట్టిక చింపేశాడు. అయినా ఇందుజ పెరటి వైపు రాలేదు. నాలుగో రోజు పొద్దున ఏం చెయ్యాలో తోచక ఆయనే పుల్లలు పట్టుకుని బండ ముందు కూర్చున్నాడు. నలభై ఆరేళ్ల మణికట్టు తిరగలేదు. త వచ్చింది, కి వచ్చింది, ట రావాల్సిన చోట బొటనవేలు తగిలింది. వారం తిరిగేసరికి అరచేతుల్లో బొబ్బలు. ఆఫీసులో సంతకం పెట్టడం కష్టమైంది, ఎవరితోనూ చెప్పలేదు.

ఒకరోజు వెనక నుంచి ఇందుజ మాట వినిపించింది.

“చెయ్యి బిగబట్టేశావు నాన్నా. వదులు చెయ్యి.”

ఆయన వదులు చేశాడు. పుల్ల ఎగిరి అరటిమొక్కల్లో పడింది. ఇందుజ వెళ్లి తెచ్చింది, కానీ ఇవ్వలేదు. తన చేతిలోనే ఉంచుకుంది.

“వినడానికి ఎవరన్నా వస్తారా?”

“ఎవరూ రారు.”

“నువ్వు?”

ఆయనకి ఇన్నాళ్లూ ఆ చప్పుడుకంటే ఇష్టమైంది ఇంకోటి లేదు. అది బాగా వినబడే చోటు ఈ పెరడే.

“నేనూ రాను” అన్నాడు. “నువ్వు రమ్మనేదాకా రాను.”

రెండో పుల్ల కూడా ఆమెకిచ్చి లేచాడు. వంటింట్లో భార్య లతిక టీ గ్లాసు చేతికిచ్చింది. పెరట్లో చప్పుడు మొదలై, రెండో వరసలో తప్పి, ఆగి, మళ్లీ మొదలైంది. అలవాటుగా ఆయన చెయ్యి జేబులో ఫోను మీదికి పోయింది. లతిక చూసింది. ఆయన గ్లాసు గట్టు మీద పెట్టి, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

నెల తర్వాత ఆఫీసులో భోజనాల దగ్గర తోటి ఉద్యోగి శ్రీధరన్ అడిగాడు, పిల్ల చెండ ఎక్కడిదాకా వచ్చిందని. పక్క బల్లలవాళ్లు కూడా గిన్నెల మూతలు తీయడం ఆపి ఇటు తిరిగారు, ఈ మధ్య హల్వా లేదు మరి.

“తెలీదు, నేను వినలేదు” అన్నాడు సుగతన్.

రోజూ పొద్దున పిల్ల బండ ముందు చేరే వేళకి ఆయన రైలుగేటు దాటి, ఆ చప్పుడు వినపడని చోటుకి వెళ్లి నిలబడుతున్నాడు.